డిచ్‌పల్లి నేర్పిన పాఠం

మన ప్రజారోగ్య చరిత్రను 1946 నాటి భోర్ కమిటీ నివేదికతో మొదలుపెట్టడం రివాజు. ఆ తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్, ఆశా కార్యకర్తలు. ఈ వరుస సరైనదే. అయితే నిజామాబాద్ జిల్లా కథ అంతకన్నా పాతది.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ వైద్యురాలు ఇసాబెల్ కెర్ 1911 ప్రాంతంలో నిజామాబాద్‌లో కుష్ఠు రోగుల కోసం చిన్న ఆశ్రయం నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ విరాళం తోడై, 1915 నాటికి అది డిచ్‌పల్లి ఆసుపత్రిగా స్థిరపడింది. దీన్ని మిషనరీల దయాకార్యంగా చెప్పి వదిలేస్తారు. మతప్రచారం ఉన్నమాట, రోగుల్ని ఊరికి ఎడంగా ఉంచినమాట నిజమే. కుష్ఠు వారంలో ఊరంతా పాకే జ్వరం కాదు, దాని పాఠం అన్ని అంటువ్యాధులకూ సరిపోదన్న అభ్యంతరమూ న్యాయమైనదే. అయినా అక్కడి వైద్యం తీరు చూడాలి. అప్పట్లో కుష్ఠుకు మందైన హిడ్నోకార్పస్ గింజల నూనె చిక్కగా ఉంటుంది, సూది గుచ్చితే నొప్పి. ఒకసారి పొడిస్తే పోయే జబ్బు కాదు; నెలల తరబడి పదేపదే పొడిపించుకోవాలి. నొప్పికి ఓర్చి రోగి మళ్లీ రావాలంటే సూది వేసే మనిషి మీద గురి కుదరాలి. జబ్బు దాచుకోకుండా దవాఖానకు వచ్చే అలవాటు అలా పడుతుంది. ఏ అంటువ్యాధికైనా మొదటి అడ్డుకట్ట అదే.

1931లో నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీటితో వరి, చెరకు పెరిగాయి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. నిలిచిన నీళ్లతో దోమల బెడదా పెరిగింది. 1953 తర్వాత జాతీయ మలేరియా కార్యక్రమంలో డీడీటీ చల్లారు. చల్లడం తగ్గాక జ్వరం తిరగబెట్టింది.

కుష్ఠు విషయంలోనూ అదే పొరపాటు. 2005 చివర్లో, పది వేల మందికి ఒకరి కన్నా తక్కువ రోగులన్న లెక్కతో దేశం నిర్మూలన ప్రకటించుకుంది. ఇంటింటి గాలింపు సన్నగిల్లింది. 2016లో మళ్లీ వెతికితే దాగిన కేసులు వేలల్లో బయటపడ్డాయి.

నిజామాబాద్‌కు 2013లో వైద్య కళాశాల వచ్చింది, సంతోషం. కానీ 2021 మేలో, కొవిడ్ వేళ, తెలంగాణలో జ్వర సర్వేను నడిపించింది వీధి వీధి తిరిగిన ఆశాలు, ఏఎన్ఎంలు. ఎవరింట్లో ముసలివాళ్లున్నారో, ఎవరు జ్వరం దాస్తారో వాళ్లకు ముందే తెలుసు. ఆ ఆశాలకు నేటికీ స్థిర జీతం లేదు, పారితోషికమే. సబ్‌సెంటర్లకు పల్లె దవాఖాన అని బోర్డు మార్చినంత త్వరగా ఈ అన్యాయాన్ని సరిదిద్దలేదు. ఎవరూ వాళ్ల చూపుకు అందకుండా పోకూడదంటే, చెరకు నరకడానికి వచ్చి పొలాల పక్కన గుడిసెలు వేసుకునే కూలీల పేర్లు కూడా సీజన్ మొదట్లోనే ఊరి ఏఎన్ఎం రిజిస్టర్‌లోకి ఎక్కాలి.