మిస్‌డిమీనర్ కేసుల్లో నేరాంగీకార ఉపసంహరణ (అమెరికా)

అమెరికా చట్టంలో చిన్న నేరాన్ని మిస్‌డిమీనర్ అంటారు. దుకాణంలో వస్తువు కాజేయడం, మొదటిసారి తాగి కారు నడపడం, చేయి చేసుకోవడం వంటివి ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. చాలా రాష్ట్రాల్లో వీటికి గరిష్ఠ శిక్ష ఏడాది జైలు. ప్రాసిక్యూటర్ అభియోగాన్నో శిక్షనో తగ్గిస్తానంటాడు, ముద్దాయి నేరం ఒప్పుకుంటాడు. దీన్నే ప్లీ డీల్ అంటారు. ఫెడరల్ కోర్టుల్లో నేరం రుజువైన కేసుల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం ఇలా ఒప్పుకోలుతోనే ముగుస్తున్నాయని 2012లో మిస్సోరీ వర్సెస్ ఫ్రై తీర్పులో సుప్రీంకోర్టే రాసింది.

ఒప్పుకున్న తర్వాత మనసు మారిందంటే కోర్టు వినదు. ఆ ఒప్పుకోలు పుట్టిన తీరులోనే లోపం ఉందని చూపాలి. ఎప్పుడు అడిగారన్నదాన్ని బట్టి ఆ రుజువు బరువు మారుతుంది.

శిక్షకు ముందు, తర్వాత

ఫెడరల్ క్రిమినల్ నిబంధనల్లో 11వది ఈ సంగతిని స్పష్టంగా చెబుతుంది. జడ్జి ఒప్పుకోలును స్వీకరించకముందైతే ఏ కారణం చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు. స్వీకరించాక, శిక్ష పడేలోపు అయితే న్యాయమైన కారణం చూపాలి. శిక్ష పడ్డాక ఆ దారి మూసుకుపోతుంది. ఇక మిగిలేవి అప్పీలు, లేదా తీర్పును విడిగా సవాలు చేసే పిటిషన్. రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉన్నా చాలావాటి వరస ఇదే.

చిన్న కేసుల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలా కోర్టుల్లో ఒప్పుకోలు, శిక్ష రెండూ ఒకే రోజున, కొన్నిసార్లు మొదటి హాజరులోనే అయిపోతాయి. తేలికైన దశ ముద్దాయికి దక్కనే దక్కదు. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 1018వ సెక్షన్ ఈ విషయంలో కొంత ఉదారం: ప్రొబేషన్ ఇచ్చిన కేసుల్లో ఆ ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు సరైన కారణంతో అడగవచ్చు. అదే రాష్ట్రంలో మిస్‌డిమీనర్ తీర్పుపై అప్పీలు నోటీసుకు గడువు 30 రోజులే. డీల్ కాగితంలో అప్పీలు హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చేసినా, కక్షిదారు అడిగితే లాయరు నోటీసు దాఖలు చేయాల్సిందేనని 2019లో గార్జా వర్సెస్ ఐడహో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

గడువులు దాటాక న్యూయార్క్‌లో తీర్పు రద్దు కోరే 440.10 మోషన్, ఇతర రాష్ట్రాల్లో నిర్బంధాన్ని సవాలు చేసే హేబియస్ కార్పస్ పిటిషన్ వంటివి ఉన్నాయి. అయితే ఫెడరల్ హేబియస్ కార్పస్‌కు ముద్దాయి నిర్బంధంలో ఉండాలి. శిక్ష పూర్తిగా ముగిశాక అది వర్తించదని 1989 నాటి మేలెంగ్ వర్సెస్ కుక్ తీర్పు చెప్పింది. శిక్ష తక్కువైనందుకు సంతోషించినవాడికి ఆ తక్కువే అడ్డుగోడ అవుతుంది. శిక్ష అనుభవించేసినవారికి ఫెడరల్ కోర్టుల్లో కోరమ్ నోబిస్ అనే పాత రిట్ ఒకటి మిగిలింది. దాన్ని 1954లో మోర్గాన్ కేసు నిలబెట్టింది. అందులో ముద్దాయి 19 ఏళ్ల వయసులో లాయరు లేకుండా నేరం ఒప్పుకుని శిక్ష అనుభవించాడు. ఏళ్ల తర్వాత మరో కేసులో ఆ పాత ఒప్పుకోలు వల్లే అతనికి శిక్ష పెరిగింది.

కోర్టులు వినే కారణాలు

హక్కులు తెలిసి, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు రికార్డులో కనిపించాలన్నది బోయ్‌కిన్ వర్సెస్ అలబామా (1969) సూత్రం. ప్రాసిక్యూటర్ మాట తప్పితే ముద్దాయికి ఊరట ఇవ్వాలని శాంటొబెల్లో కేసు (1971) చెప్పింది. లాయరు లేకుండా ఒప్పుకుని జైలుకు వెళ్లినవారికి 1972 నాటి ఆర్గర్‌సింగర్ తీర్పు ఆసరా. జరిమానాతోనే సరిపెట్టిన కేసుల్లో మాత్రం ఉచిత లాయరును రాజ్యాంగం హామీ ఇవ్వదు. అందుకే ఎంతోమంది సలహా చెప్పేవారు లేకుండానే సంతకం పెడతారు. ఇది ఆ వ్యవస్థలో తీరని లోటు.

మరో ముఖ్యమైన కారణం లాయరు తప్పుడు సలహా. వీసాపైనో గ్రీన్‌కార్డుపైనో ఉన్న తెలుగువారికి ఇది మరీ దగ్గరి విషయం. ‘ఫైన్ కట్టేస్తే అయిపోతుంది’ అని నమ్మి ఒప్పుకున్న చిన్న దొంగతనం, ఇమిగ్రేషన్ చట్టంలో సాధారణంగా నైతిక పతనంతో కూడిన నేరంగా లెక్కకొస్తుంది. దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే ఆ సంగతి లాయరు చెప్పి తీరాలని 2010లో పడీయా వర్సెస్ కెంటకీ తీర్పు నిర్దేశించింది. 2017 నాటి లీ కేసులో కోర్టు ఇంకో మాట చేర్చింది: తర్వాత చెప్పే పశ్చాత్తాపం చాలదు, డీల్ కుదిరిన నాటి సాక్ష్యం కావాలి. దేశం నుంచి పంపేస్తారా అని లీ అప్పట్లో తన లాయరును పదేపదే అడిగాడు. అదే అతన్ని కాపాడింది.

కాలిఫోర్నియాలో 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 1473.7 సెక్షన్ కింద, శిక్ష ముగిసినవారు కూడా ఇమిగ్రేషన్ పర్యవసానాలు అర్థం కాలేదని చూపి తీర్పు రద్దు కోరవచ్చు. అయితే ఇమిగ్రేషన్ వ్యవహారాల్లో ఆ రద్దు చెల్లాలంటే దానికి కారణం మూల కేసులోని చట్టపరమైన లోపమే అయి ఉండాలి. ఇమిగ్రేషన్ కష్టం తప్పించడానికే రద్దు చేస్తే ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు దాన్ని గుర్తించదు (పికరింగ్, 2003). రికార్డును తుడిచేసే ఎక్స్‌పంజ్‌మెంట్‌ను చాలామంది పరిష్కారమనుకుంటారు. అది ఉద్యోగానికి ఉపయోగపడవచ్చు గాని, ఇమిగ్రేషన్ కళ్లలో నేరం సాధారణంగా అలాగే ఉంటుంది.

గెలిచాక

ఒప్పుకోలు రద్దయితే కేసు మొదటికి వస్తుంది. డీల్‌లో భాగంగా కొట్టేసిన అభియోగాలు మళ్లీ లేస్తాయి, పెద్ద శిక్ష పడే అవకాశమూ ఉంటుంది. అందుకే పిటిషన్ వేయకముందే పాత సాక్ష్యం ఎంత బలమైనదో చూసుకోవాలి. క్రిమినల్ లాయరు, ఇమిగ్రేషన్ లాయరు ఇద్దరితోనూ మాట్లాడాలి. సంతకం చేసిన ప్లీ ఫారం, ఆనాటి విచారణ రికార్డింగ్, లాయరుతో నడిచిన ఈమెయిళ్లు ముందుగా సంపాదించుకోవాలి. చిన్న కేసుల రికార్డులను చాలా కోర్టులు కొన్నేళ్ల తర్వాత తొలగిస్తాయి.