కుండలో స్పీకరు

హాస్టల్లో ఉన్న మావాడు మొన్న ఫోన్ చేసి, "అమ్మా, రెండు వేలల్లో మంచి స్పీకర్లు వస్తాయా?" అన్నాడు. నాకు మా వేటపాలెం ఇంట్లో కుండ గుర్తొచ్చింది.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. ఆ పుస్తకాన్ని నాన్న రేషన్ కార్డుతోపాటే దాచేవారు. 1985లో ఆ బాధ తీరింది. మా ఇంట్లో అసలు బాధ మగ్గం చప్పుడు. గుంటమగ్గం ఆడుతుంటే చిన్న ట్రాన్సిస్టర్ ఏం వినపడుతుంది? వార్తలకి నాన్న మగ్గం ఆపేవారు. ఆపినంతసేపూ కూలీ ఆగినట్టే కదండీ.

అన్నయ్య చీరాలలో డిగ్రీ చదివేవాడు. బస్సు డబ్బులు మిగిల్చి, సైకిలు తొక్కి, పాత ఆరంగుళాల స్పీకరు కొన్నాడు. చెక్కపెట్టె చేయించే స్తోమత లేదు. సారస్వత నికేతనంలో చదివాడో, ఎవరు చెప్పారో, అమ్మ నీళ్లకుండ మూతికి దాన్ని బిగించి రేడియోకి వైరు కలిపాడు. స్పీకరు ముందు శబ్దం, వెనక శబ్దం కలిస్తే లావు స్వరం చచ్చిపోతుందట. కుండ వెనక శబ్దాన్ని లోపలే పట్టేస్తుంది. ఇది మావాడు చెప్పిన సంగతే, ఫీజులు కట్టినందుకు ఆ మాత్రం తెలిసింది!

కుండ పోయిందని అమ్మ వారం సణిగింది. నాన్న మాత్రం ఆ తర్వాత వార్తలకి మగ్గం ఆపలేదు.

మావాడికి రెండు వేలూ పంపాను. కుండకి వేరే అడుగుతున్నాడు.