గెడ్డ దగ్గర ఆగిపోయే రోడ్డు: అరకు మన్యంలో వంతెనల నిధులు, స్థానిక రవాణా ప్రణాళిక

తూర్పు కనుమల మన్యంలో ఒక గూడేనికి రాకపోకలు సాగుతాయా లేదా అన్నది వేసిన రోడ్డు పొడవు కన్నా, ఆ రోడ్డు దాటవలసిన గెడ్డల మీద, అంటే మామూలు రోజుల్లో పలుచగా పారుతూ వాన పడిన కొద్ది గంటల్లోనే పొంగే కొండవాగుల మీద, ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అనంతగిరి కొండల్లో గోస్తని, శారద నదులు పుడుతుండగా, పాడేరు వైపు నీరు మత్స్యగెడ్డగా పారి మాచ్‌ఖండ్ నదిలో చేరుతుంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఈ వాగుల మధ్యనే ఊళ్లు విస్తరించి ఉన్నా, రోడ్లకు డబ్బిచ్చే పథకాలేవీ వాగును కొలమానంగా తీసుకోకపోవడమే ఇక్కడ పరిశీలించవలసిన ప్రధానాంశం.

ఈ కొండల్లో వంతెన కట్టడం సాధ్యం కాదన్న వాదన చరిత్ర ముందు నిలవదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం యాభైకి పైగా సొరంగాలతో, ఎన్నో వంతెనలతో ఈ కొండలను దాటింది. ఆ పట్టాలకు చేరువలోని గూడేలకే దశాబ్దాలపాటు కల్వర్టు, అంటే రోడ్డు కింద నీరు పోయే తూము, కరువైంది.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన జనాభానే అర్హతగా నిర్ణయించి, మైదానాల్లో 500 మంది, ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు మంజూరు చేసింది. పదీ ఇరవై ఇళ్లుగా విడివడిన మన్యపు గూడేలు ఈ లెక్కకు అందకపోవడంతో, కొండ ప్రాంతాల్లో ఒకటిన్నర కిలోమీటరు నడకదారి లోపల ఉన్న ఆవాసాలన్నిటినీ ఒక్కటిగా పరిగణించే వెసులుబాటు ఇచ్చారు. నడకదారి మధ్యలో పొంగే గెడ్డ ఉంటే ఆ రెండు గూడేలు వానాకాలంలో ఒక్కటి కావన్న సంగతిని మాత్రం ఆ నిబంధన పట్టించుకోలేదు. 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం, ఆదిమ గిరిజన సమూహాల ఆవాసాలకు ఈ అర్హతను 100 మందికి దించడం మేలైన మార్పే గాని, అదీ తలలనే లెక్కించింది.

నిధుల స్వభావం మరో అడ్డంకి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఖర్చులో సామగ్రి వాటా 40 శాతానికి మించరాదని, మిగిలినది కూలీలకే చేరాలని నిర్దేశించింది. మట్టిరోడ్డుకు సరిపోయే ఈ నియమం, సిమెంటు, ఇనుము, యంత్రాలతో కట్టే వంతెనకు సరిపోదు. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కేటాయించినందువల్ల, కొట్టుకుపోయిన ఒక తూమును మళ్లీ కట్టడానికి చిన్న గిరిజన పంచాయతీ చేతిలో మిగిలేది స్వల్పం. అందువల్ల కూలీ డబ్బుతో రోడ్డు గెడ్డ ఒడ్డుదాకా వస్తుంది, వంతెన వేరే పద్దు కోసం ఎదురుచూస్తుంది.

మరమ్మతుల పరిస్థితి ఇంతకన్నా విచారకరం. గ్రామ సడక్ యోజన రోడ్లను మొదటి ఐదేళ్లు కాంట్రాక్టరే నిర్వహించాలి, తర్వాతి భారం రాష్ట్రానిది. మన్యంలో వంతెన సాధారణంగా ఒక్కసారిగా కూలదు. కొట్టుకొచ్చిన బండరాళ్లు, ఇసుక, చెట్లమోళ్లు తూముల్లో ఇరుక్కోగా, దారి దొరకని నీరు పక్కకు తిరిగి వంతెనను రోడ్డుతో కలిపే మట్టికట్టను కోసేస్తుంది. వానలకు ముందే తూము శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చు కొత్త నిర్మాణ వ్యయంలో అతి చిన్న భాగం. అయినా ప్రారంభోత్సవానికి నోచుకోని ఆ పనికి ఏటా స్థిరమైన పద్దు ఉండదు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి తుపాన్ల తర్వాత వచ్చే సహాయ నిధి, ముందు చేయవలసిన ఈ పనికి ప్రత్యామ్నాయం కాలేదు.

2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రారంభించిన ‘అడవితల్లి బాట’ సుమారు రూ.1,005 కోట్లతో వెయ్యికి పైగా కిలోమీటర్ల రోడ్లను సంకల్పించింది. గర్భిణులను, రోగులను కర్రకు కట్టిన డోలీలో మోసుకెళ్లే దుస్థితిని తొలగించాలన్న ఈ లక్ష్యాన్ని మనస్ఫూర్తిగా స్వాగతించాలి. కాని డోలీ మోత ఎక్కువగా తప్పనిసరయ్యేది వానాకాలంలో కాబట్టి, పథకం ఫలితాన్ని వేసిన కిలోమీటర్లతో కాక, జూలై నుంచి అక్టోబరు వరకు అంబులెన్సు గూడెందాకా వెళ్లగలిగిన రోజులతో కొలవడం న్యాయం. వంతెనల జాప్యం ఈ జిల్లాకే పరిమితం కాదు: పొరుగున మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం వేరుచేసిన గ్రామాలను కలిపే 910 మీటర్ల గురుప్రియ వంతెనకు 1982లో శంకుస్థాపన జరిగినా, అది 2018 జూలైలోగాని ప్రారంభం కాలేదు. జోలాపుట్ జలాశయం ఒడ్డున ముంచంగిపుట్టు వైపు గ్రామాలవారు నాటుపడవల మీదే రాకపోకలు సాగించవలసి రావడమూ ఇటువంటి నిర్లక్ష్యపు ఫలితమే: విద్యుత్తు కోసం నీరు నిలిపిన ప్రాజెక్టు, ఆ నీటిని దాటే మార్గాన్ని తన ఖర్చులో భాగంగా చూడలేదు.

స్థానిక ప్రణాళికకు చట్టపరమైన ఆధారం ఇప్పటికే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం, ఒక్కో పనికి హెక్టారుకు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించని నరికివేత అన్న హద్దుల్లో, గ్రామసభ సిఫారసుతో రోడ్డుకు అటవీ భూమిని మళ్లించవచ్చు. సంతకు, బడికి, ఆసుపత్రికి జనం నడిచే దారుల్లో ఏ గెడ్డ ఏ నెలలో ఎన్ని రోజులు దారి మూసేస్తుందో చెప్పగలిగేది ఆ గ్రామసభే. ఆ వివరాలను పంచాయతీరాజ్, గిరిజన సంక్షేమ, రోడ్లు భవనాల ఇంజినీర్లు ఒకే పటం మీద గుర్తించి, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా ఏటా మే నెలకు ముందే తూముల శుభ్రతకు, కట్టల మరమ్మతుకు గిరిజన ఉపప్రణాళిక నుంచి నిధులు విడుదల చేయించడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.