తొట్టిస్నానం నుంచి జలవ్యాయామం దాకా: చింతాద్రిపేటలో నిలబడి చూసిన నీళ్ళవైద్య చరిత్ర

చెన్నపట్నం పటంలో చింతాద్రిపేటను గుర్తించడం తేలిక. కూవం నది మూడు వైపులా వంపు తిరిగి చుట్టిన నేల అది. 1734లో గవర్నరు జార్జ్ మార్టన్ పిట్ హయాంలో, సుంకురామ అనే ప్రముఖ వర్తకుడి తోట ఉన్న స్థలంలో, కుంపిణీ వారు బట్టల వ్యాపారం కోసం ఈ పేట కట్టించారు. నూలు వడికేవారు, నేసేవారు, అద్దకం వేసేవారు, చలువ చేసేవారు వచ్చి స్థిరపడ్డారు. 'చిన్న తరి పేట' అన్న మాటే చింతాద్రిపేట అయిందని సాధారణంగా చెప్పే వ్యుత్పత్తి. 'తరి' అంటే తమిళంలో మగ్గం. కొండ లేని చోట 'అద్రి' వినిపించడం జనవ్యుత్పత్తి చేసే చమత్కారం.

ఇంటి పేరొక భాషలో, వీధి పేరొక భాషలో ఉన్న ఇలాంటి చోట పెరిగిన తెలుగు విద్యార్థులకు తరచు ఒక సందేహం వస్తుంటుంది. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికి, పాటలు పాడుకోవడానికి సరే. వైద్యం, విజ్ఞానం వంటి విషయాలను అది మోయగలదా అని. ఈ సందేహానికి నీళ్ళవైద్యం చరిత్రలో ఒక సమాధానం ఉంది. దానిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. దానితోపాటు ఆ వైద్యంలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది కూడా విచారిస్తాము. ఈ రెండో ప్రశ్న పుస్తకాలకే పరిమితమైనది కాదు. మన ఇళ్ళలో మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే పెద్దవాళ్ళకు సంబంధించినది.

ఇంటి మాటలు

పుస్తకాలకు ముందే మాటలున్నాయి. కాపడం పెట్టడం, ఆవిరి పట్టడం, తడిగుడ్డ వేయడం, తలంటి పోయడం, బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయడం: ఇవన్నీ తెలుగు ఇళ్ళలో వైద్యపు పనులే. గర్భం ధరించడాన్ని కూడా 'నీళ్ళోసుకోవడం' అన్నారు మనవాళ్ళు. వేన్నీళ్ళు, చన్నీళ్ళు అన్న జంటను చూడండి. తమిళంలో వీటికి సరిజోడుగా వెన్నీర్, తణ్ణీర్ ఉన్నాయి. అయితే తమిళంలో 'తణ్ణీర్' చల్లదనం కోల్పోయి మామూలు నీటికే పేరైంది. తెలుగులో 'చన్నీళ్ళు' తన చల్లదనాన్ని నిలుపుకుంది. అందువల్ల చింతాద్రిపేటలో రెండు భాషలూ మాట్లాడే ఇంట్లో, తమిళంలో 'తణ్ణి' అంటే చాలనుకున్న చోట, తెలుగులో వేడా చలవా అని చెప్పవలసి వస్తుంది. వైద్యానికి కావలసిన తేడా అది. వేడి పెట్టాలో చల్లదనం పెట్టాలో తెలియకపోతే కాపడం కూడా కీడు చేస్తుంది.

శాస్త్రగ్రంథాలలోనూ ఇది కొత్త కాదు. చరకసంహిత చెప్పిన పదమూడు రకాల స్వేదనాలలో పరిషేకం, అవగాహం ఉన్నాయి. మొదటిది ఔషధాలు వేసి కాచిన నీటిని ఒంటిమీద ధారగా పోయడం. రెండోది అటువంటి నీళ్ళు నింపిన తొట్టిలో కూర్చోబెట్టడం. వాతపు నొప్పులకు వీటిని విధించారు.

లైప్‌జిగ్ తొట్టి, తెలుగు పుస్తకం

ఐరోపాలో నీళ్ళవైద్యం పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఉద్యమమైంది. సైలీషియా కొండల్లోని గ్రాఫెన్‌బర్గ్ గ్రామంలో విన్సెంట్ ప్రీస్నిట్జ్ (1799-1851) అనే రైతు తడిపట్టీలతో, చన్నీటితో చికిత్స మొదలుపెట్టాడు. బవేరియాలో సెబాస్టియన్ నైప్ (1821-1897) అనే మతగురువు దానిని ఇంటింటికీ చేర్చాడు. వారి తరువాత లైప్‌జిగ్ నగరంలో లూయీ కూనే (1835-1901) 1883లో చికిత్సాలయం తెరిచాడు. కూనే వైద్యపట్టా ఉన్నవాడు కాడు. రోగాలన్నిటికీ మూలం ఒక్కటేనని, శరీరంలో పేరుకునే పరాయి పదార్థమే అదని, దానిని వెలికి పంపితే చాలునని ఆయన సిద్ధాంతం. అందుకు ఆయన సూచించిన సాధనాలు ఆవిరిస్నానం, కటిస్నానం, ఘర్షణస్నానం, మితమైన శాకాహారం. కటిస్నానానికి కావలసిందల్లా ఒక తొట్టి. కాళ్ళు బయట పెట్టి, బొడ్డు దాకా చన్నీళ్ళలో కూర్చుని, ముతక గుడ్డతో పొట్ట రుద్దుకోవాలి.

ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతిశర్మ 1894లో తెలుగులోకి అనువదించారు. హిందీ, ఉర్దూ అనువాదాలు శ్రోత్రియ కిషన్ స్వరూప్ చేతిమీదుగా 1904లో వచ్చాయి. అంటే తెలుగు పదేళ్ళు ముందుంది. ఆధునిక భారతదేశంలో ప్రకృతి చికిత్స చరిత్ర రాసినవారు సాధారణంగా ఈ 1894 తెలుగు అనువాదంతోనే కథ మొదలుపెడతారు. తెలుగు విజ్ఞానాన్ని మోయగలదా అన్న సందేహానికి ఈ సంవత్సరం ఒక్కటే చాలిన సమాధానం. అప్పటికి గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం ఇంకా మొదలుకాలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతి ఎందుకు అంత త్వరగా పాకింది? కారణాలు కష్టమైనవి కావు. మందు కొనక్కరలేదు. వైద్యుడు దగ్గర లేకపోయినా ఫరవాలేదు. తొట్టి, నీళ్ళు, ఒక గుడ్డ ఉంటే సరి. పైగా స్నానం, ఉపవాసం, పథ్యం మన ఇళ్ళకు పరిచయమైన మాటలు. జర్మన్ పుస్తకంలో ఉన్నది చాలావరకు ఇంటి ఆచారంలా వినిపించింది.

గాంధీజీ, భీమవరం, హైదరాబాదు

గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉండగానే కూనే రచనలు చదివారు. 1902లో బొంబాయిలో ఆయన రెండో కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ జ్వరం, దానితో న్యుమోనియా వచ్చాయి. వైద్యుడు గుడ్లు, కోడిరసం ఇవ్వమన్నాడు. గాంధీజీ అంగీకరించక కూనే పద్ధతిలో కటిస్నానాలు చేయించారు, తడిదుప్పటి చుట్టారు. పిల్లవాడు కోలుకున్నాడు. ఈ ఘట్టాన్ని ఆత్మకథలో చెబుతూ, కోలుకోవడానికి కారణం దైవకృపో, నీటిచికిత్సో, పథ్యమో ఎవరు చెప్పగలరన్న భావాన్నే ఆయన వ్యక్తం చేశారు. ఆ జాగ్రత్త గమనించదగింది. టైఫాయిడ్‌ను నయం చేసే మందు 1940ల చివర గాని రాలేదు. అందువల్ల 1902లో వైద్యుడి కోడిరసం కూడా జ్వరానికి విరుగుడు కాదు. ఆనాడు ఒక తండ్రి తీసుకున్న నిర్ణయాన్ని, మందు దొరికే ఈనాడు ఆదర్శంగా తీసుకోకూడదు.

1942లో ఆగాఖాన్ భవన నిర్బంధంలో ఆయన ఆరోగ్యంపై రాయ మొదలుపెట్టిన చిన్న పుస్తకంలోనూ కూనే స్నానాలున్నాయి. 1946లో పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమం నెలకొంది. తెలుగునాట వేగిరాజు కృష్ణంరాజు భీమవరంలో ప్రకృతి ఆశ్రమాన్ని నడిపి గోదావరి జిల్లాల వారికి ఈ చికిత్సను పరిచయం చేశారు. హైదరాబాదులో డాక్టర్ బి. వెంకటరావు, డాక్టర్ విజయలక్ష్మి దంపతులు 1949లో ప్రకృతి చికిత్సాలయం ప్రారంభించారు. 1970లో అక్కడే గాంధీజీ పేరిట కళాశాల ఏర్పడింది. ఇంటి తొట్టి ఈ విధంగా తరగతి గదికి చేరింది. మన చెన్నైలోనూ అరుంబాక్కంలో ప్రభుత్వ యోగ, ప్రకృతి వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి.

రెండు పాయలు

ఇక్కడ ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. నీళ్ళవైద్యమనే పేరు కింద రెండు పాయలు కలిసి ప్రవహిస్తున్నాయి. ఒకటి కూనే పాయ: నీరు రోగాన్ని వెలికి లాగుతుందనేది. రెండోది వ్యాయామ చికిత్స పాయ: నీరు శరీరాన్ని మోస్తుంది, అందువల్ల నేలమీద కదలలేని అవయవం నీటిలో కదులుతుందనేది. మొదటిది ఒక విశ్వాసం మీద ఆధారపడింది. రెండోది ఆర్కిమిడీస్ సూత్రం మీద ఆధారపడింది.

రెండో పాయ పోలియో కాలంలో బలపడింది. అమెరికాలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1924లో జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ వేడి ఊటకు వెళ్ళి, నేలమీద నిలబడలేని కాళ్ళు నీటిలో నిలబడడం చూశాడు. 1927లో అక్కడ చికిత్సా సంస్థ నెలకొల్పాడు. ఇంగ్లండులో జేమ్స్ మెక్‌మిలన్ 1949లో అంగవైకల్యం ఉన్న పిల్లలకు ఈత నేర్పుతూ హాలివిక్ పద్ధతిని రూపొందించాడు.

ఇందులో జరిగేదేమిటి? నడుము దాకా నీటిలో నిలబడితే కాళ్ళమీద పడే బరువు దాదాపు సగమవుతుంది. ఛాతీ దాకా దిగితే సుమారు మూడో వంతు, మెడ దాకా దిగితే సుమారు పదో వంతు మిగులుతుంది. అరవై కిలోల మనిషి మెడ దాకా నీటిలో ఉంటే మోకాళ్ళు మోసేది ఆరు కిలోలే అన్నమాట. రెండోది, నీరు కదలికను ఎదిరిస్తుంది. మెల్లగా కదిలితే మెల్లగా, వేగంగా కదిలితే గట్టిగా ఎదిరిస్తుంది. కాబట్టి రోగి బలాన్ని బట్టి వ్యాయామం దానంతటదే సర్దుకుంటుంది. మూడోది, నీటి ఒత్తిడి కాళ్ళ వాపును తగ్గించడానికి తోడ్పడుతుంది. నాలుగోది వెచ్చదనం. సాధారణంగా 33 నుంచి 35 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. పడిపోతామన్న భయం తగ్గడం కూడా ఒక లాభమే. వృద్ధులు నడక మానేయడానికి నొప్పి ఎంత కారణమో భయం అంత కారణం.

అయితే లాభాన్ని ఉన్నంతే చెప్పాలి. 2016లో కాక్రేన్ సంస్థ 13 పరీక్షలను, 1190 మంది ఫలితాలను సమీక్షించింది. మోకాలు, తుంటి కీళ్ళు అరిగినవారికి నీటి వ్యాయామం వల్ల నొప్పి, అశక్తత కొద్దిగా తగ్గుతాయని, ఆ మేలు వ్యాయామం ముగిసిన కొత్తలో కనిపించేదని తేల్చింది. అరిగిన కీలు తిరిగి పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నట్టు, మిగిలిన చికిత్సకు ఇది తోడు. మానని పుండ్లు, అదుపులో లేని మూర్ఛ, గుండె వైఫల్యం, జ్వరం ఉన్నవారు కొలనులో దిగకూడదు. నీటి ఒత్తిడి కాళ్ళలోని రక్తాన్ని ఛాతీవైపు నెడుతుంది గనక బలహీనమైన గుండెకు భారం పెరుగుతుంది. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవారు నీటి వేడిని కాలితో కాక మోచేతితో చూసుకోవాలి.

నీళ్ళేవి?

కూనే తొట్టికి నీళ్ళు కావాలి. చెన్నై చరిత్రలో ఇది చిన్న మాట కాదు. నగరానికి 1872లో ఎర్రకొండల చెరువు నుంచి నీళ్ళు వచ్చాయి. 1914లో కీల్పాక్కంలో శుద్ధి కేంద్రం ఏర్పడింది. మురికినీరు కలరాను మోసుకొచ్చే నగరంలో అందరికంటె పెద్ద నీళ్ళవైద్యం ఆ ఇసుక వడపోత తొట్లే చేశాయనడం అతిశయోక్తి కాదు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు తెలుగు గంగ ఒప్పందం చేసుకున్నాయి. 1996లో కృష్ణ నీళ్ళు పూండి జలాశయం చేరాయి. అయినా 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెప్పించుకోవలసి వచ్చింది. బిందెల వరుసలో నిలబడే ఇంట్లో కటిస్నానం పేదవాడి వైద్యం కాదు. పేటను చుట్టిన కూవంలో ఈనాడు ఎవరూ కాలు పెట్టరు. నది పక్కనే ఉండి నీటిచికిత్సకు దూరమైన పేట ఇది.

అందుచేత విద్యార్థులకు మేము సూచించే పని ఒకటుంది. చికిత్సాలయంలో వైద్యులు, సహాయకులు తమిళంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతారు. మీ ఇంటి పెద్దవాళ్ళకు నొప్పిని చెప్పుకునే మాటలు తెలుగులో ఉంటాయి: పీకడం, గుంజడం, సలపడం, తిమ్మిరెక్కడం, పట్టేయడం. ఇవి పర్యాయపదాలు కావు. సలిపేది ఒక రకం నొప్పి, తిమ్మిరి మరొక రకం. చికిత్స కూడా వేరు. ఆ తేడా తమిళంలోకి సరిగ్గా చేర్చగలిగినవారు రెండు భాషలూ తెలిసిన మీరే. 1894లో వెంకటచలపతిశర్మ ఒక పుస్తకానికి చేసిన పనిని మీరు ఒక మనిషికి చేయవచ్చు. ఇంట్లో వినపడే ఇటువంటి మాటలను, అవి ఏ నొప్పికి వాడతారో అడిగి, రాసిపెట్టుకోండి.

చదువుకు సంబంధించిన మన మాటలు కొన్ని నీటిలోంచే పుట్టాయి. స్నాతకోత్సవం చదువు ముగించి చేసే స్నానం. నిష్ణాతుడు బాగా మునిగి తేలినవాడు. చరకుడు తొట్టిచికిత్సకు వాడిన 'అవగాహ'కు దగ్గరి చుట్టమైన 'అవగాహన' ఈనాడు తెలుగులో తెలుసుకోవడమనే అర్థంలో స్థిరపడింది. లోతు చూసి దిగాలని ఆ మాటే చెబుతోంది.