దొరికితే ఎవరిది?

మా నాయన ఆదోనిలో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. పొద్దుగూకితే ఆయనకు క్యారియర్ తీసుకుపోవడం నా పని. ఇనుప మెట్లెక్కి క్యాబిన్‌లోకి పోతే మండే కార్బన్ కడ్డీల వాసన, రెండు ప్రొజెక్టర్ల వేడి, గోడకు చదరపు కంత. నేను ఆ కంతలోంచి బొమ్మ చూసేవాణ్ణి. నాయన దానికి చెవి ఆనించేవాడు. తెర మీది మాటలు రెండో రోజుకే ఆయనకు కంఠతా వచ్చేవి. కింద నేల టికెట్టువాళ్ళు ఏమంటున్నారన్నదే ఆయనకు కావాలి. ఆ వినికిడి ఆయన నుంచి నాకొచ్చింది. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పాను. సినిమా చరిత్రలో సగం ఆ నేల మాటల్లోనే ఉంటుందని ఇప్పటికీ నమ్ముతాను.

'మోసగాళ్ళకు మోసగాడు' విడుదలైంది 1971 ఆగస్టు 27న. నాకప్పుడు పన్నెండేళ్ళు. రీళ్ళ పెట్టెలు మా హాలుకు వచ్చిన రోజు వాటి మీద 'సీడెడ్' అని రాసి ఉండడం చూసి అదేమిటని అడిగాను. "సినిమావాళ్ళు మన జిల్లాలకు పెట్టుకున్న పేరు" అన్నాడు నాయన. సినిమావాళ్ళు పెట్టింది కాదని కాలేజీలో చరిత్ర చదివాక తెలిసింది. 1800లో నిజాం మా సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అలా దత్తమైన జిల్లాలు కాబట్టి ఇంగ్లీషువాళ్ళు సీడెడ్ అన్నారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు పెట్టినా, సినిమా వ్యాపారంలో ఆ పాత పేరే నిలిచిపోయింది.

ఆ సంగతి ఇక్కడెందుకంటే, ఆ సినిమా కథ కూడా అలాంటి కాలానిదే. కంపెనీ ఒక్కో సంస్థానాన్ని మింగుతున్న రోజులు. అమరవీడు అనే సంస్థానం నిధిని తెల్లవాళ్ళకు చిక్కకుండా దాచారు. దాని కోసం మోసగాళ్ళంతా ఒకరినొకరు మోసం చేసుకుంటూ వెంటపడతారు. 'మెకన్నాస్ గోల్డ్', సెర్జియో లియోనీ తీసిన కౌబాయ్ సినిమాలు దీనికి స్ఫూర్తి. వాటిని తెచ్చి తెలుగు చరిత్రలో నాటినవాడు ఆరుద్ర. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. హీరో కృష్ణ గారి సొంత సంస్థ పద్మాలయకు ఇది రెండో చిత్రం. మొదటిది, 'అగ్నిపరీక్ష', ఆడలేదు. దీన్ని రాజస్థాన్ ఎడారికి పోయి ఈస్ట్‌మన్ కలర్లో తీశారు. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరాలో ఆ ఇసుక మా తెర మీద నిప్పులా మెరిసింది.

అక్కడి నుంచి మొదలయ్యాయి మాటలు. నేలలో కూర్చునేవాళ్ళలో చాలామంది జిన్నింగు మిల్లు కూలీలు. తల వెంట్రుకల్లో పత్తి నూగు అలాగే ఉండేది. ఇసుక దిబ్బలు తెర నిండా పరుచుకున్నప్పుడు ఈలలు ఆగిపోయేవి. హాలు హాలంతా గమ్మున అయ్యేది. ఒక రాత్రి ఆ నిశ్శబ్దంలో ఒక పెద్దాయన గొంతు పైకి వినబడింది: "తాగేకి నీళ్ళు లేనిచోట బంగారం ఉంటే ఏమి, ల్యాకుంటే ఏమి?" ఎవరూ నవ్వలేదు. ఎండాకాలం బిందెడు నీళ్ళకు మైళ్ళు నడిచే ఊళ్ళు మావి. సినిమా ఆడినన్నాళ్ళు ఇంటర్వెల్లో గోలీ సోడాలు ఎప్పటికంటే ముందే అయిపోయేవని సోడా బండి ఆయన నాయనతో చెప్పుకున్నాడు.

నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణాన్ని చూసి జనం కేరింతలు కొట్టేవారు. వాడు దొంగ అని తెలుసు, వాడే కావాలి. ఎందుకని నాయనను అడిగితే, "వాడు ఆశపోతునని దాచుకోలేదు, అందుకే" అన్నాడు. మా అవ్వ అభిప్రాయం వేరు. ఆమె ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చుని చూసి వచ్చి, రాత్రి వాకిట్లో పడుకుని, "గుర్రాలకు నీళ్ళు ఎవురు పెడతారబ్బీ?" అని మొదట అడిగింది. తర్వాత, "దాచినోడు గదా మంచోడు! వాని మాటే ఎవురూ ఎత్తరు" అంది.

అసలు వాదన హాలు బయట టీ బంకు దగ్గర. ఆ నిధి ఎవరిది? రాజుదా, దాచినవాడిదా, దొరకబుచ్చుకున్నవాడిదా? కోస్తాలో ఈ ప్రశ్న ఎలా వినిపించిందో గానీ మా దగ్గర మాత్రం అది ఇంటి గొడవ. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలాల్లో పైమట్టి కొట్టుకుపోయి వజ్రాలు తేలుతాయి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, పొలాల గట్ల మీద వండుకుని తింటూ, వంగి వంగి ఎర్రమట్టిలో వెతుకుతారు. ఆ పక్కనే ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు. మౌర్యుల దక్షిణాది రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు అన్నారు. బంగారు కొండ అని పేరు మోసిన నేల మీద పుట్టినవాళ్ళకు నిధి సినిమా వింత కాదు.

ఏటా జొన్నగిరికి పోయి ఉత్త చేతులతో వచ్చే హమాలీ ఒకాయన ఉండేవాడు. ఆయన తీర్పు నాకింకా చెవిలో ఉంది: "ఎతికేది తప్పు గాదప్పా. పక్కోని వంతు గుంజుకునేది తప్పు." దురాశ దుఃఖానికి చేటు అని బడిలో పలక మీద రాయించారు. ఆశకూ దురాశకూ మధ్య గీత ఎక్కడుందో నాకు చూపించింది ఈ మనిషి.

'మెకన్నాస్ గోల్డ్' నేను చాలా ఏళ్ళకు చూశాను. 1969 నాటి ఆ సినిమా అమెరికాలో సరిగా ఆడలేదు. మన దేశంలోనూ సోవియట్ రష్యాలోనూ మాత్రం విరగబడి చూశారు. ఆరిజోనాలో నిటారుగా నిలబడ్డ ఒక రాతి స్తంభం, పొద్దున పడే దాని నీడ చూపించే దారి, ఆ దారి చివర బంగారు లోయ. దాని వెనక ఆడమ్స్ అనే మనిషి చూసి పోగొట్టుకున్న గని గురించిన పాత గాథ ఉంది. లోయ కూలిపోయేప్పుడు మా పత్తి మిల్లు పెద్దాయన మాటే నాకు గుర్తొచ్చింది. భాష తెలియని సినిమా ఇక్కడ ఎందుకు ఆడిందో కూడా అప్పుడే అర్థమైంది. ఎండిన నేల మీద మెరిసే రాయి కోసం వంగిన మనిషిని మావాళ్ళు ఏ దేశపు బట్టల్లో ఉన్నా గుర్తుపడతారు.

నిధి ఎవరిదన్న ప్రశ్న వదలక, 1878 నాటి నిక్షేప నిధుల చట్టం పాఠంలో లేకపోయినా నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. భూమిలో పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. గుప్తనిధుల కోసం పాత గుళ్ళ పీఠాలు పెళ్ళగించి, నంది విగ్రహాలు పగలగొట్టే ముఠాలు సీమలో ఇప్పటికీ ఉన్నాయి. పగిలిన ప్రతి రాతితో ఒక ఊరి జ్ఞాపకం పోతుంది. అలాంటి గుడి చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. హమాలీ చెప్పిన గీతను దాటినవాళ్ళు వీళ్ళు. గుంజుకునేది పక్కోని వంతు కూడా కాదు, ఊరందరి వంతు.

కృష్ణ గారు 2022 నవంబరులో పోయారు. మరుసటి ఏడు మే 31న, ఆయన పుట్టినరోజున, ఆ సినిమాను 4కెలో మళ్ళీ విడుదల చేశారు. హైదరాబాదులో మా అమ్మాయితో వెళ్ళి చూశాను. కుర్రాళ్ళు కాగితం ముక్కలు చల్లి నాట్యం చేశారు. ఎడారి వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకుని చెవి పెట్టాను. అప్పటి నిశ్శబ్దం రాలేదు. ఏసీ హాల్లో దప్పిక ఎలా వినబడుతుంది!

కొద్ది రోజులకే సీమలో తొలకరి పడిందని తమ్ముడు ఫోన్ చేశాడు. ఇద్దరం జొన్నగిరికి పోయాం. ఎర్రచేలల్లో వందలమంది, ఒకరికొకరు ఎవరో తెలియనివాళ్ళు. ఎండకు నేనొక గట్టు మీద కూలబడితే, మోకాళ్ళ దాకా మట్టి అంటుకున్న ఒకామె తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, నేను తాగిందాకా ఆగి, అప్పుడు అడిగింది: "ఏమన్నా దొరికిందా అన్నా?"