నారింజవన్నె కప్పు భోజనశాలలు

సత్రము గాని, పూటకూళ్ళ యిల్లు గాని లేని బాటపై పయనించువాని పాట్లు మన పెద్దలకు తెలియనివి కావు. మోటారు యుగమున ఆ కొరతను తీర్చిన అమెరికా సంస్థ యొకదాని చరిత్రను నేడు శ్రోతల ముందుంచుచున్నాము.

1925లో మసాచుసెట్సు రాష్ట్రమందలి క్విన్సీ పట్టణమున హోవర్డ్ డీరింగ్ జాన్సన్ అనునతడు అప్పుచేసి చిన్న మందుల దుకాణమును కొనెను. అందలి సోడా బల్లయే అతనికి కలిసివచ్చెను. మీగడ మెండుగా వేసి చేసిన ఐస్‌క్రీము జనులకు రుచించెను. క్రమముగా అది 28 రుచులయ్యెను. ఆర్థికమాంద్యమున కొత్త శాలలు కట్టుటకు పెట్టుబడి దొరకకుండుటచే 1935లో అతడొక ఉపాయము పన్నెను: శాల వేరొకరిది, పేరు, వంటల పట్టిక, సరకులు జాన్సన్‌వి. కేంద్ర పాకశాలలో సిద్ధమైన పదార్థములే ఊరూరికిని పోవుటచే ఎచట తిన్నను రుచి యొక్కటే. దూరమునుండియే కనబడు నారింజవన్నె కప్పు బాటసారికి గురుతయ్యెను.

1940లో 160 మైళ్ళ పెన్సిల్వేనియా సుంకపు రహదారి తెరవబడెను. దానినుండి ఇష్టమైన చోట దిగుటకు వీలులేదు. నియమిత ద్వారములయందే దిగవలెను. ఆ దారిలో భోజనము పెట్టు హక్కును ఈ సంస్థయే పొందెను. యుద్ధకాలమున పెట్రోలు, టైర్ల కఱవుచే పెక్కు శాలలు మూతపడినను, 1956 రహదారుల చట్టము పిదప కొత్త బాటల ద్వారముల చెంత మరల వెలసి, 1970 దశకమున వేయికి పైబడెను.

అయితే ఆ కప్పు క్రింద అందరికిని పీట వేయబడలేదు. 1957 అక్టోబరులో డెలావేరు రాష్ట్రమందలి డోవరు వద్ద ఘనా ఆర్థికమంత్రి కొమ్లా గ్బెడెమా నారింజరసము కొనగా, నల్లవారు లోపల కూర్చుండరాదనిరి. ఆ యేడే స్వతంత్రమైన దేశపు మంత్రికి జరిగిన అవమానము లోకమెల్ల పొక్కెను. అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఆయనను శ్వేతభవనమునకు ఉదయపు ఫలాహారమునకు పిలిచెను. మంత్రికి మర్యాద దక్కెను. దక్షిణాది సామాన్యునకు మాత్రము చోటు దక్కలేదు. 1962లో ఉత్తర కరోలినాయందు యువజనులు ఈ శాలలవద్ద సత్యాగ్రహము సలిపి చెఱసాలల కేగిరి. 1964 పౌరహక్కుల చట్టముతో దేశమంతట భోజనశాలల తలుపులు అందరికిని తెరవవలసివచ్చెను.

తరువాత త్వరగాను చవకగాను వడ్డించు సంస్థల పోటీ పెరిగెను. 1979లో సంస్థను బ్రిటిషు ఇంపీరియల్ గ్రూపు కొనెను. 2022లో న్యూయార్కు రాష్ట్రపు లేక్ జార్జి వద్ద చివరి భోజనశాలయు మూతపడెను. ఆ పేరు నేడు వసతి హోటళ్ళపై మాత్రమే నిలిచియున్నది.

మన సత్రములయందును పంక్తిభేదము పాటించిన దినములు కలవు. కావున బాటప్రక్కన అన్నము దొరకుట యొకయెత్తు, ఆ పంక్తిన ఎల్లరును కూర్చుండుట మఱియొకయెత్తు అని మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.