ఇల్లెందు బొగ్గు - లండను వాటాలు

ఉగాది పచ్చడి రుచి చూచి సంచిక తెరచిన సోదర సోదరీమణులకు బొగ్గు కథ చెప్పడమేమిటని తోచవచ్చును. మేము రైల్వే గుమాస్తాలము. బొగ్గుతో మాకు పాత చుట్టరికమున్నది.

మన కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లు 1888లో స్టేన్స్ దొర పెట్టినది. దానిని చూచి ఊరివారు పని నేర్చినారు. 1910లో మన జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీమిల్లును స్థాపించినారు. దొర సొమ్ము ఊరిలోనికి వచ్చినందున ఇక్కడ మేలే జరిగినదని మా అభిప్రాయము. కాని సరిగా ఆ 1888లోనే, లండనులో కామన్సు సభవారి విచారణ సంఘము తెలుగుదేశపు బొగ్గు వ్యవహారమును తవ్వుచుండెను. ఆ సంగతి మనలో చాలమందికి తెలియదు.

నిజాము రాజ్యములో ఇల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని 1871లో భూగర్భశాఖ వారి డాక్టరు కింగ్ కనుగొన్నాడు. బొగ్గు కనబడినంతనే సరిపోదు గదా! గని దింపుటకు యంత్రాలు, పనితనము, ముఖ్యముగా సొమ్ము కావలెను. రైలు 1874లోనే వాడి నుండి సికింద్రాబాదుకు వచ్చియున్నది. దానిని బెజవాడకు పొడిగించవలెనన్నా బొగ్గు కావలెను. అందుచేత 1886 జనవరిలో వాట్సన్, స్టీవర్టు అను ఇద్దరు ఆంగ్లేయులకు 99 ఏండ్ల కౌలు ఇచ్చినారు. బొగ్గొక్కటే కాదు, రాజ్యములోని ఇతర ఖనిజములు కూడ అందులో చేరినవి. నిజాము తరఫున బేరము నడిపినవాడు అబ్దుల్ హక్ అను పెద్ద ఉద్యోగి. ఆయన బిరుదు సర్దార్ దిలేర్ జంగ్.

ఇక అసలు విచిత్రము. లండనులో హైదరాబాదు (దక్కను) కంపెనీ అని పేరు పెట్టి, మూలధనము 10 లక్షల పౌన్లని ప్రకటించినారు. ఒక్కొక్కటి 10 పౌన్ల చొప్పున లక్ష వాటాలు. అందులో 85,000 వాటాలు కౌలు సంపాదించినవారికే, డబ్బు కట్టకుండగనే, పూర్తిగా చెల్లించినట్లు వ్రాసియిచ్చినారు. సొమ్ము తెచ్చుటకు మిగిలినవి 15,000 మాత్రమే! వందమంది చీటీలో పదిహేనుగురు డబ్బు కట్టగా, ఎనభై ఐదుగురు ఊరకనే పాట పాడుకొన్నట్లున్నది. అంతటితో ఆగలేదు. నిజాము ప్రభుత్వము కూడ కంపెనీలో వాటాలు కొనవలెనని నిశ్చయించగా, అబ్దుల్ హక్ తనకు ముట్టిన వాటాలనే బజారులో కొన్నట్లు చూపి తన ప్రభువుకే అమ్మినాడు. భూమి ప్రభువుది, బొగ్గు ప్రభువుది, కొన్నవాడూ ప్రభువే! సంగతి బయటపడి 1888లో ఆయన ఉద్యోగము నుండి తొలగింపబడినాడు. కాని కౌలు రద్దు కాలేదు, కంపెనీ నిలిచినది.

దొరలను మాత్రమే నిందించుట మాకు న్యాయముగా తోచదు. బేరమునకు మన తరఫున కూర్చున్నవాడే అవతలివారి లాభములో పాలు పుచ్చుకొన్నప్పుడు, ఎవరి సొమ్మయిననేమి?

ఏమైనను తవ్వకము 1889లో మొదలైనది. ఆ సంవత్సరమే రైలు బెజవాడ చేరినది. డోర్నకల్ నుండి బొగ్గు కొరకు కొమ్మలైను వేసినారు. సమీపమునున్న సింగరేణి గ్రామము పేరే బొగ్గుకు స్థిరపడినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి ఆస్తులన్నియు తీసుకొన్నది. 1945లో నిజాము ప్రభుత్వము అందులో అధిక వాటాలు కొన్నది. అనగా తన నేలలోని గనిని మరల వెల యిచ్చి తెచ్చుకొన్నది! 1960 నుండి కేంద్ర ప్రభుత్వమునకు కూడ అందులో భాగమున్నది. నేడు 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి, 49 కేంద్రానివి.

ఆర్.ఎస్. పురములో మా వీధిననే ఆవిరియింజనులపై ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన తాతగారొకరున్నారు. సింగరేణి బొగ్గు బూడిద ఎట్లుండునో ఆయన అరగంట చెప్పగలరు. మొన్న ఈ లెక్కలు వారికి చదివి వినిపించినాము. ఎనభై ఐదు వేల దగ్గర ఆపించినారు.

"డబ్బు కట్టకుండానా? సరిగా చూడు నాయనా, ఒక సున్న ఎక్కువ వేసియుందువు" అన్నారు.

మరల చూచినాము. సున్నలు సరిగానే యున్నవి.